మూడు నెలల పర్సనల్ ట్రైనింగ్‌కు ఒకేసారి డబ్బు కట్టమంటున్నారు, కట్టవచ్చునా?

లాయర్‌పేట_వాసి
నా వయసు 47. ఒంగోలులో గుమాస్తా ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి పగలంతా కుర్చీలోనే గడిచిపోతుంది. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 91 కిలోలు. రక్తపోటుకు రోజూ ఒక మాత్ర వేసుకుంటాను. ఈమధ్య రక్తపరీక్ష చేయిస్తే మూడు నెలల చక్కెర సగటు 6.3 శాతం, అంటే మధుమేహం అంచున, అని వచ్చింది. ఇప్పుడే మందు అక్కరలేదు గాని బరువు తగ్గి తీరాలని డాక్టరు గారు చెప్పారు. ఆ మాట మీద మా ఇంటికి దగ్గరలో ఉన్న జిమ్ముకు వెళ్ళాను. ఈ వయసులో మామూలు సభ్యత్వం వల్ల ప్రయోజనం ఉండదని, పర్సనల్ ట్రైనర్‌ను పెట్టుకుంటే మూడు నెలల్లో 15 కిలోలు తగ్గించి చూపిస్తామని కౌంటరులో కూర్చున్నాయన హామీ ఇచ్చాడు. నెలకు 6,000 రూపాయల చొప్పున మూడు నెలలదీ ముందే కట్టాలట. మధ్యలో మానేస్తే తిరిగి ఇవ్వరట. ప్రొటీన్ పొడి డబ్బా కూడా వారి దగ్గరే కొనాలట. ట్రైనర్‌కు ఇరవై నాలుగేళ్ళు ఉండవచ్చు. నన్ను తూకం యంత్రం మీద నిలబెట్టి, ఎదుటి నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫొటోలు తీసుకున్నాడు తప్ప మరేమీ అడగలేదు. స్టేడియం చుట్టూ ఊరికే నడిచేదానికి 18,000 రూపాయలు దేనికని మా ఇంట్లోవారు అడుగుతున్నారు. ఇక్కడ ట్రైనర్ల దగ్గర నేర్చుకున్నవారు ఉంటే వివరంగా చెప్పగలరు.

ట్రంక్‌రోడ్డు_టీకొట్టు
15 కిలోలు తగ్గిస్తామన్నారు సరే, అది కొవ్వా, కండా, నీరా అన్నది చెప్పారా? తూకం యంత్రానికి ఈ మూడింటికీ తేడా తెలియదు.

పినాకిని_డాక్టర్
నేను నెల్లూరులో జనరల్ ఫిజీషియన్‌ను. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కిలోక్యాలరీలు ఉంటాయి. 15 కిలోల కొవ్వు 90 రోజుల్లో కరగాలంటే రోజుకు దాదాపు 1,280 కిలోక్యాలరీల లోటు ఉండాలి. మీ బరువున్న మనిషి జిమ్ములో గంటసేపు కష్టపడితే ఖర్చయ్యేది 400కు అటూఇటూ మాత్రమే. మిగిలినదంతా తిండిలో కోయవలసిందే. అంతగా కోస్తే మొదట నీరు, దానితోపాటు కండ పోతాయి, మానేసిన తరువాత కొవ్వు మాత్రం తిరిగి వచ్చి చేరుతుంది. వారానికి అర కిలో తగ్గితే అది నిలుస్తుంది. ఆ లెక్కన మూడు నెలలకు ఆరు కిలోలు అవుతాయి.

ఆరు కిలోలేనా అని నిరుత్సాహపడకండి. మీ శరీర బరువులో ఏడు శాతం అంటే సుమారు అంతే. అమెరికాలో మధుమేహం అంచున ఉన్నవారిపై జరిగిన పెద్ద అధ్యయనంలో లక్ష్యం ఆ ఏడు శాతమే, దానికి తోడు వారానికి 150 నిమిషాల నడక. అంతమాత్రం చేత మధుమేహంలోకి జారేవారి సంఖ్య 58 శాతం తగ్గింది. మనకు పక్కనే ఉన్న చెన్నైలో ఇలాంటి అధ్యయనమే చేసి 2006లో ఫలితాలు ప్రకటించారు. ఆహారం, వ్యాయామం మార్చుకున్నవారిలో తగ్గుదల 28.5 శాతం కనిపించింది. మనవారిలో బరువు అంతగా తగ్గకపోయినా మేలు కనిపించడం ఆ అధ్యయనంలోని విశేషం. అందువల్ల మీరు తూకంతోపాటు నడుము చుట్టుకొలత కూడా రాసి పెట్టుకోండి. భారతీయ పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 దాటితే జాగ్రత్త పడాలి.

మీరు రాసినదాంట్లో నన్ను ఇబ్బంది పెట్టిన విషయం డబ్బు కాదు. రక్తపోటు మాత్ర వేసుకునే మనిషిని ఆ సంగతే అడగకుండా తూకం వేసి ఫొటో తీయడం నాకు నచ్చలేదు. అటెనలాల్, మెటోప్రొలాల్ వంటి మందులు గుండె వేగాన్ని పెరగనివ్వవు. అవి వాడేవారిని గుండె వేగం 140కి చేరాలంటూ పరుగెత్తించడం ప్రమాదం. మీది ఏ మందో చెప్పగలరా?

లాయర్‌పేట_వాసి
టెల్మిసార్టాన్ 40 మిల్లీగ్రాములు. వారు దాని గురించి అడగలేదు, చెప్పాలన్న ఆలోచన నాకూ రాలేదు. అడ్వాన్సు ఎప్పుడు కడతారని మాత్రం రెండుసార్లు ఫోను చేశారు.

పినాకిని_డాక్టర్
టెల్మిసార్టాన్ గుండె వేగాన్ని పట్టి ఉంచదు కాబట్టి ఆ భయం లేదు. అయితే వ్యాయామం ముగించి చటుక్కున ఆగిపోతే కళ్ళు తిరగవచ్చు. చివర పది నిమిషాలు నెమ్మదిగా నడిచి ఆపండి. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగపట్టకూడదు, ఎత్తుతూ వదలాలి. మొదలుపెట్టే ముందు ఒక ఈసీజీ, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి.

డంబెల్_దర్గామిట్ట
పదకొండేళ్ళుగా ట్రైనర్ పని చేస్తున్నాను. తప్పంతా ఆ కుర్రవాడి నెత్తిన పడుతోందని రాస్తున్నాను. నేను పనిచేసిన చోట్ల పర్సనల్ ట్రైనింగ్ రుసుములో సగం, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ, యాజమాన్యానికే పోయేది. నెలకు ఇంతమందిని చేర్పించాలన్న లక్ష్యం మా మీద ఉంటుంది. సంక్రాంతి వెళ్ళిన తరువాత వచ్చే గుంపు మహాశివరాత్రికి కనిపించదు. అది తెలిసే మూడు నెలల డబ్బు ముందు కట్టించుకుంటారు. 15 కిలోల హామీ కౌంటరు నుంచి వచ్చింది, ట్రైనర్ నోటి నుంచి కాదు. దాన్ని ఎలా నెగ్గించాలో తెలియక అతను కొత్తవారిని మొదటి వారంలోనే నలిపేస్తాడు.

పద్ధతి తెలిసిన ట్రైనర్ మొదటి రోజు బరువులు పట్టించడు. చక్కెర ఉందా, మాత్రలు ఏమిటి, ఆపరేషన్లు జరిగాయా, మోకాలు ఎప్పుడైనా పట్టేసిందా, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చిందా, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతారు అని అడిగి కాగితం మీద రాసుకుంటాడు. తరువాత చేతులు ఆనించకుండా కుర్చీలో కూర్చోమని, లేవమని చూస్తాడు. వంగి నేల మీది వస్తువు తీయమంటాడు. నడుము నుంచి వంగుతున్నారా, తుంటి నుంచి వంగుతున్నారా అన్నది అందులో తెలిసిపోతుంది. ఇరవై ఏళ్ళు కుర్చీలో కూర్చున్నవారిలో చాలామందికి తుంటి కదలదు, భారమంతా నడుము మీద పడుతుంది. ఆ ఒక్కటి సరిదిద్దడానికే రెండు మూడు వారాలు పడుతుంది. ఆ పని యూట్యూబు చేయలేదు, ఎందుకంటే అది మీకు చూపిస్తుందే గాని మిమ్మల్ని చూడదు. ట్రైనర్‌కు డబ్బు ఇచ్చేది ఆ చూపు కోసమే. కదలికలు కుదిరాక ప్రతిరోజూ పక్కన మనిషి నిలబడనక్కరలేదు. ఈ మాట చెబితే మా యజమానులకు కోపం వస్తుంది.

కాబట్టి మూడు నెలలు వద్దు. పన్నెండు పూటలకు మాట్లాడుకుని వారానికి రెండు చొప్పున వాడుకోండి, మిగిలిన రోజులు నడవండి.

పీఈటీ_మాస్టారు
ముప్పై ఏళ్ళకు పైగా జిల్లా పరిషత్ పాఠశాలల్లో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి విరమించాను. మా రోజుల్లో తాలింఖానాలో దండీలు, బస్కీలు తీసినవారికి డంబెల్ సంగతి తెలియదు, ప్రొటీన్ డబ్బా సంగతి అసలే తెలియదు. తెల్లవారి లేచి ఒంగోలు మినీ స్టేడియంలో ఆరు చుట్లు నడిచి, ఇంటికి వచ్చి ఇరవై బస్కీలు తీస్తే 18,000 రూపాయలు జేబులోనే ఉంటాయి. క్రమశిక్షణ లేనివారికి ట్రైనర్ కావాలి, క్రమశిక్షణ ఉన్నవారికి అక్కరలేదు.

డంబెల్_దర్గామిట్ట
మాస్టారు గారు, మీ పిల్లలకు దండీలు నేర్పినది మీరే కదా. వారు నేర్చుకున్నది ట్రైనర్ దగ్గరే. కాకపోతే జీతం ప్రభుత్వం ఇచ్చింది.

పీఈటీ_మాస్టారు
ఆ మాట ఒప్పుకుంటాను. అయితే నేను ఎవరికీ డబ్బా అమ్మలేదు.

కావలి_రెండోవీధి
మాస్టారు గారి సలహాతో నాకు పేచీ ఉంది. నేను నాలుగేళ్ళు నడిచాను. రోహిణి కార్తె వస్తే ఎండకు ఒక నెల పోయేది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన నెల్లూరు వైపు ముసురు, తుపానులతో మరో రెండు నెలలు పోయేవి. ప్రతి ఏడూ మళ్ళీ మొదటి నుంచి మొదలు. బరువు కొంచెం తగ్గింది గాని మోకాలి నొప్పి అలాగే ఉండిపోయింది. మెట్లు దిగాలంటే రెయిలింగు పట్టుకోవలసి వచ్చేది. తరువాత ఒక ట్రైనర్ అమ్మాయి తొడ, తుంటి కండరాలకు వ్యాయామాలు నేర్పింది. మొదట గోడకు వీపు ఆనించి సగం వరకు కూర్చోవడం, తరువాత చిన్న బల్ల ఎక్కి దిగడం, ఆ తరువాతే చేతిలో బరువు. ఇప్పుడు రెయిలింగు అక్కరలేదు. తూకంలో వచ్చిన తేడా మాత్రం మూడు కిలోలే. నడక గుండెకు మంచిది, కాని నా మోకాలి చుట్టూ ఉన్న కండను అది పెంచలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థాయి శ్రమతోపాటు కనీసం రెండు రోజులు కండరాల బలానికి వ్యాయామం చేయాలని ఉంది. మన ఊళ్ళలో మొదటి సగం అందరికీ తెలుసు, రెండో సగం ఎవరూ చెప్పరు.

ఇక ఆడవారికి ఉన్న ఇబ్బంది వేరు. చాలా జిమ్ముల్లో మాకు ఇచ్చే వేళ పదకొండు నుంచి నాలుగు. ఉద్యోగం చేసేవారికి ఆ వేళ దేనికీ పనికిరాదు. ఆడ ట్రైనర్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది. బరువులు ఎత్తితే మగవారిలా అయిపోతావని మా అత్తగారు ఇప్పటికీ అంటారు. శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో 110 కిలోలు స్నాచ్‌లో (ఒకే ఊపులో), 130 కిలోలు క్లీన్ అండ్ జెర్క్‌లో (రెండు అంచెల్లో) ఎత్తి కాంస్యం తెచ్చిందని చెప్పాను. ఆమెకు ఆ రోజు దేశమంతా దండం పెట్టింది గదా అత్తయ్యా అంటే, ఆమె వేరు నువ్వు వేరు అన్నారు. నిజమే, నేను ఎత్తేది ఎనిమిది కిలోలు.

అల్లూరు_రొయ్య
ఎనిమిది కిలోలంటే మా ఇంట్లో ఖాళీ గ్యాసు బండలో సగం. అత్తగారికి ఆ లెక్క చెప్పి చూడండి.

చీమకుర్తి_నల్లరాయి
శ్రమ చేసేవారికి వ్యాయామం ఎందుకని మా క్వారీ దగ్గర అందరూ అంటారు. ఇక్కడ సూపర్‌వైజరుగా ఉన్నాను. పగలంతా బరువులు మోసేవారిలో నడుం నొప్పి లేనివారు నాకు కనబడలేదు. పనిలో శరీరం ఒకే వైపు, ఒకే రకంగా అరుగుతుంది. విశ్రాంతి మన చేతిలో ఉండదు. వ్యాయామంలో బరువు ఎంతో, ఎన్నిసార్లో, ఎప్పుడు ఆపాలో మనం నిర్ణయించుకుంటాం. షిఫ్టులు మారుతూ ఉంటాయి కాబట్టి నేను ఫోను ద్వారా నేర్పే ట్రైనర్‌ను పెట్టుకున్నాను. నెలకు 1,500 రూపాయలు. ప్రతి ఆదివారం నేను చేసిన కదలికల వీడియో పంపితే, చూసి తప్పులు చెబుతాడు. ఖర్చు తక్కువ. లోపం ఏమిటంటే, కెమెరాను పక్కకు పెట్టకపోతే నడుము వంపు అతనికి కనబడదు, తప్పు జరిగిన మూడు రోజులకు గాని చెప్పలేడు. బొత్తిగా కొత్తవారికి ఇది సరిపడదు. ముందు ఎవరి దగ్గరైనా ఎదురుగా నేర్చుకుని తరువాత దీనికి మారవచ్చు.

కనిగిరి_కందిచేను
మా బావమరిదికి ఒక ట్రైనర్ ఇచ్చిన ఆహార పట్టిక చూశాను. పొద్దున ఓట్సు, మధ్యాహ్నం బ్రకోలీ, సాయంత్రం అవకాడో, రాత్రి ఆలివ్ నూనెలో వేయించిన కోడి రొమ్ము మాంసం. కనిగిరిలో అవకాడో కోసం తిరిగితేనే బరువు తగ్గుతాడు. ఆ పట్టిక ఎక్కడో ఇంటర్నెట్టులో ఉన్నది, పేరు మార్చి అందరికీ అదే పంచుతున్నారు.

ప్రశ్న వేసినాయన కోసం మన వైపు సరుకుతో లెక్క వేస్తాను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవారికి కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ సరిపోతుందని 2020లో చెప్పింది. ఆయన ఎత్తుకు తగిన బరువు 65 కిలోల దరిదాపు కాబట్టి 54 గ్రాములు కావాలి. బరువులు ఎత్తుతూ తిండి తగ్గించేవారికి కొంత ఎక్కువ మంచిదంటారు, 75 అనుకుందాం. మూడు కోడిగుడ్లలో 18, యాభై గ్రాముల కందిపప్పులో 11, యాభై గ్రాముల వేయించిన శనగల్లో 10, రెండు వందల గ్రాముల పెరుగులో 6, నూట యాభై గ్రాముల చేపలో దాదాపు 30. మొత్తం 75 వచ్చింది, డబ్బా లేదు. శనగ పండించడంలో ప్రకాశం జిల్లాకు పేరుంది. ఆ శనగలు ఇక్కడే ఉండగా డబ్బాకు నెలకు మూడు వేలు పెట్టడం నాకు మింగుడుపడదు.

లాయర్‌పేట_వాసి
చేపల పులుసు తినవచ్చునన్నమాట. ఇది చదివి మా ఇంట్లోవారు మొదటిసారి ఈ చర్చ మీద ఆసక్తి చూపించారు.

కనిగిరి_కందిచేను
చేప తినవచ్చు. పులుసుతో కలిపే అన్నం ఎంత అన్నదే ప్రశ్న. వంద గ్రాముల ఉడికిన అన్నంలో సుమారు 130 కిలోక్యాలరీలు ఉంటాయి. మన విందుల్లో చేపల పులుసు ఉన్న రోజున వంద గ్రాములతో లేచినవారిని నేను చూడలేదు. కంచంలో ముందు కూర, పప్పు వడ్డించుకుని అన్నం చివర పెట్టుకోండి. రాత్రి పూట జొన్నరొట్టె గాని, సజ్జరొట్టె గాని పెట్టుకుంటే నమలడానికే సమయం పడుతుంది కాబట్టి తక్కువ తింటారు.

బైపాస్_బలరాం
డబ్బా మీద ఇంత కక్ష ఎందుకో అర్థం కాలేదు. నేను హాస్టలులో ఉంటాను. మెస్సులో పప్పు అంటే పసుపు నీళ్ళు. గుడ్డు వారానికి రెండుసార్లు. నాకు ఒక గరిటె పొడి పాలలో కలుపుకోవడం తేలిక. అది పాల నుంచి తీసినదే గదా, విషం కాదు.

పినాకిని_డాక్టర్
విషం అని ఎవరూ అనలేదు. బలరాం గారి పరిస్థితిలో దానికి చోటు ఉంది. జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు మాత్రం కండ పెంచుకోవడానికి ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దనే చెప్పాయి. కొన్నింటిలో చక్కెర, తీపి రసాయనాలు కలుపుతారన్నది వారు చెప్పిన కారణాల్లో ఒకటి. మూత్రపిండాలలో అప్పటికే లోపం ఉన్నవారికి ఎక్కువ ప్రొటీన్ భారమవుతుంది, ఆ లోపం చాలామందికి బయటపడి ఉండదు. క్రియాటినిన్ చూడమన్నది అందుకే. కొనదలచుకుంటే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు సంఖ్య ఉన్న మూత తెరవని డబ్బాను బిల్లుతో కొనండి.

నాకు భయం కలిగించేది పొడి కాదు, దాని పక్కన అమ్మేవి. కొవ్వు కరిగించే మాత్రలని, ముద్ర లేని సీసాలని, కండ కోసం ఇంజెక్షన్లని కుర్రవారికి అంటగడుతున్నారు. స్టెరాయిడ్ ఇంజెక్షన్లతో వీర్యకణాల ఉత్పత్తి పడిపోతుంది, రొమ్ములు పెరుగుతాయి, మంచి కొలెస్ట్రాల్ తగ్గి గుండె దెబ్బతింటుంది. పెళ్ళయి పిల్లలు కలగడం లేదని వచ్చిన యువకులను ఈ ప్రశ్న అడగవలసి వస్తోంది.

కనిగిరి వైపు వారికి మరొక మాట. అక్కడి భూగర్భజలాల్లో ఫ్లోరైడు ఎక్కువ. ఏళ్ళ తరబడి ఆ నీరు తాగినవారిలో వెన్ను, కీళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి. అది వంగకపోవడం బద్ధకం వల్ల కాదు. అలాంటి మనిషిని బలవంతంగా లోతుగా కూర్చోబెట్టి లేపే ట్రైనర్ హాని చేస్తాడు. ఏ ఊరు, ఏ నీరు అన్నది కూడా ఇక్కడ అడగవలసిన ప్రశ్నే.

గూడూరు_జంక్షన్
మొదటి వారంలో నలిపేస్తారని డంబెల్ గారు రాసినదానికి మా ఇంట్లోనే ఉదాహరణ ఉంది. మా పిన్ని కొడుకు ఇంజినీరింగు చదువుతున్నాడు. వ్యాయామం అలవాటు లేదు. ఒక జిమ్ములో చేరిన తొలిరోజే పందెం పెట్టి వందల సంఖ్యలో గుంజిళ్ళు తీయించారు. మూడో రోజుకు తొడలు వాచి నడవలేకపోయాడు. ఒళ్ళు నొప్పులు మామూలే, తగ్గిపోతాయని ట్రైనర్ చెప్పాడట. మూత్రం టీ డికాక్షను రంగులో వచ్చేసరికి పరుగెత్తి ఆసుపత్రిలో చేర్చారు. నాలుగు రోజులు సెలైన్లు ఎక్కించారు. డయాలిసిస్ తప్పినందుకు సంతోషించమన్నారు.

పినాకిని_డాక్టర్
దానిని రాబ్డోమయోలిసిస్ అంటారు. నలిగిన కండరాల నుంచి మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ రక్తంలోకి వచ్చి మూత్రపిండాలను అడ్డుకుంటుంది. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినవారికి ఒకటి రెండు రోజుల తరువాత నొప్పి రావడం సహజం, అది మూడు రోజుల్లో మెత్తబడుతుంది. వాపు, విపరీతమైన నీరసం, ముదురు రంగు మూత్రం కనబడితే మాత్రం ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి. వేసవిలో గాలి ఆడని షెడ్లలో నడిచే జిమ్ముల్లో ఈ ప్రమాదం పెరుగుతుంది.

పీఈటీ_మాస్టారు
గుంజిళ్ళు మేము శిక్షగా తీయించినప్పుడు కూడా పాతిక దాటనిచ్చేవారం కాదు. ఈ చర్చ చదివిన తరువాత ఆ పాతిక కూడా ఎక్కువేమో అనిపిస్తోంది.

అల్లూరు_రొయ్య
చేరిన వారానికే ఫొటోలు పోల్చి చూసుకునేవారు చెరువులో రొయ్యపిల్ల వదిలిన మర్నాడు కౌంటు, అంటే కిలోకు ఎన్ని తూగుతాయని, అడిగే బయ్యరు వంటివారు. నాకు తెలిసిన ఇద్దరు ఆ ఫొటోలు చూసుకునే మానేశారు.

అడ్వకేట్_కోర్టుసెంటర్
డబ్బు వాపసు సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి రాస్తున్నాను. ఒకసారి కట్టిన రుసుము తిరిగి ఇవ్వబడదని రసీదు మీద అచ్చు వేసినంత మాత్రాన అది శాసనం కాదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సేవలో లోపం ఉన్నప్పుడు రసీదులో చెప్పిన గడువులోగా, గడువు చెప్పకపోతే 30 రోజుల్లోగా, ఆ సేవను నిలిపి డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి. అయితే మీకు బద్ధకం వేసి మానేయడం సేవలో లోపం కిందికి రాదు. ఫలానా ట్రైనర్ అని చెప్పి వేరొకరిని పెట్టడం, చెప్పిన వేళకు ట్రైనర్ లేకపోవడం, ఆ శాఖ మూసేయడం వంటివి లోపాలు. 15 కిలోల హామీ నోటిమాటగా ఉన్నంతకాలం దాన్ని రుజువు చేయడం కష్టం, కాగితం మీద రాసి ఇమ్మనండి. వారు రాయరు, మీకు జవాబు అక్కడే దొరుకుతుంది.

సమస్య వస్తే మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయండి. తేలకపోతే జిల్లా కమిషనులో ఫిర్యాదు వేయవచ్చు. ఐదు లక్షల లోపు వ్యవహారానికి రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు. ఇది రాసి నా కడుపు నేనే కొట్టుకుంటున్నాను. మరొకటి, జిమ్ము సేవల మీద జీఎస్‌టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం కాదు, 5 శాతం. పాత లెక్కన బిల్లు వేస్తున్నారేమో చూసుకోండి.

బైపాస్_బలరాం
సర్టిఫికెట్టు సంగతి కూడా చెప్పండి. గోడ నిండా ఫ్రేములు కట్టి పెట్టారు. ఏది అసలైనదో ఎలా తెలుస్తుంది?

డంబెల్_దర్గామిట్ట
మన దేశంలో ట్రైనర్ పనికి డాక్టరుకో, వకీలుకో ఉన్నట్టు చట్టబద్ధమైన నమోదు ఏదీ లేదు. ఎవరైనా టీషర్టు వేసుకుని ట్రైనర్‌నని చెప్పుకోవచ్చు. కేంద్ర నైపుణ్య వ్యవస్థలో క్రీడలు, ఫిట్‌నెస్ రంగానికి ఒక మండలి ఉంది. అది పరీక్ష పెట్టి ఫిట్‌నెస్ ట్రైనర్ ధ్రువపత్రం ఇస్తుంది. వ్యాయామ విద్యలో డిగ్రీ అయిన బీపీఈడీ చదివినవారు ఉంటారు. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ చదివినవారు అరుదుగా కనబడతారు. విదేశీ సంస్థల పరీక్షలు రాసినవారూ ఉన్నారు. వీటిలో ఏదైనా ఉండటం మంచిదే గాని, ఫ్రేము కట్టిన పత్రాల్లో సగం పోటీల్లో పాల్గొన్నందుకు ఇచ్చినవి. అందుకే మిమ్మల్ని ముందు ఏమి అడిగాడో చూడమంటాను. మరొక పని చేయండి. చేరే ముందు ఒక సాయంత్రం వెళ్ళి అరగంట ఊరికే కూర్చోండి. ట్రైనర్ తన మనిషి కదలికను చూస్తున్నాడా, ఫోను చూస్తున్నాడా అన్నది అక్కడే తేలిపోతుంది.

చీమకుర్తి_నల్లరాయి
అద్దంలో తనను తాను చూసుకునేవారు మూడో రకం.

లాయర్‌పేట_వాసి
అందరి సలహాలూ కాగితం మీద రాసుకుని నిన్న సాయంత్రం మళ్ళీ వెళ్ళాను. 15 కిలోల మాట రాసి ఇమ్మంటే కౌంటరాయన నవ్వి, అది అందరికీ చెప్పే మాటేనన్నాడు. డబ్బా తప్పనిసరి అన్నది కూడా ఆ నవ్వుతోనే పోయింది. ట్రైనర్ కుర్రవాడిని పక్కకు పిలిచి నా మాత్ర సంగతి, చక్కెర సంగతి చెప్పాను. అతను మొహమాటపడి, అడిగి రాసుకునే ఫారం తమ దగ్గర ఉందని, రద్దీ వల్ల ఎవరూ నింపడం లేదని చెప్పి లోపలి నుంచి తెచ్చాడు. ఇద్దరం కూర్చుని నింపాము. తరువాత కుర్చీలో కూర్చోమని, లేవమని అతనే అడిగాడు. నేను చేతులు ఆనించకుండా లేవలేకపోయాను. పన్నెండు పూటలకు 5,400 రూపాయలు, వారానికి రెండు రోజులు, రెండు నెలల్లోగా వాడుకోవాలన్న షరతు మీద కుదిరింది. రసీదు మీద అతని పేరు, వేళ రాయించాను. జీఎస్‌టీ 18 శాతమే వేశారు, అడిగితే సరిచేశారు.

అడ్వకేట్_కోర్టుసెంటర్
ఆ రసీదు ఫొటో తీసి దాచుకోండి. థర్మల్ కాగితం మీద అచ్చు ఆరు నెలలకు మాసిపోతుంది.

పీఈటీ_మాస్టారు
మిగిలిన రోజుల్లో స్టేడియానికి రండి. ఆరు గంటలకు తూర్పు గేటు దగ్గర ఉంటాము, రుసుము లేదు. నడక అయిన తరువాత పూరీల కోసం వెళ్ళే ఒక జట్టు ఉంది, ఆ జట్టులో మాత్రం చేరకండి.

డంబెల్_దర్గామిట్ట
ఆ కుర్రవాడిని నిలబెట్టుకోండి. ఫారం తెచ్చి నింపాడంటే వినే గుణం ఉంది. ప్రతి పూట ఏ వ్యాయామం, ఎంత బరువు, ఎన్నిసార్లు అన్నది ఒక నోటు పుస్తకంలో మీరే రాసుకోండి. పన్నెండు పూటలు అయ్యాక ఏమి చేయాలో ఆ పుస్తకమే చెబుతుంది. మెత్తటి అట్ట ఉన్న పరుగు బూట్లతో బరువులు ఎత్తకండి, మడమ నిలవదు.

తడ_సరిహద్దు
ఈ చర్చ ఇప్పుడే చూశాను. మా అమ్మగారికి 62 ఏళ్ళు, మోకాళ్ళు అరిగాయన్నారు. కావలి అక్క చెప్పిన గోడ వ్యాయామం ఆవిడ చేయవచ్చునా? మా వైపు ఆడ ట్రైనర్లు లేరు.

కావలి_రెండోవీధి
ముందు ఎముకల డాక్టరుకు చూపించి, ఫిజియోథెరపిస్టు దగ్గర రెండు మూడు పూటలు నేర్పించండి. అరుగుదల ఎంతవరకు ఉందో తెలియకుండా గోడకు ఆనించి కూర్చోబెట్టవద్దు. అప్పటివరకు కుర్చీలో కూర్చుని కాలు నేరుగా చాచి, ఐదు లెక్కపెట్టి దించడం చాలు, అది నాకు మొదటి రోజు నేర్పినది. నొప్పి పెరిగితే ఆపేయమనండి. సూళ్ళూరుపేటలో ఫిజియోథెరపిస్టులు ఉంటారు, అక్కడ విచారించండి.